పాల లెక్కల పుస్తకం

పోస్టాయన సంతకం అడిగినప్పుడు
నా చేతికి గోధుమపిండి ఉంది.
ముంబై కవరు మీద తెల్లగా వేలిముద్ర పడింది,
చదవకముందే ఒప్పేసుకున్నట్టు.

'ఇ. సుగుణావతి, మగపిల్లల పీజీ, మారతహళ్ళి'
అని మొదలుపెట్టి ఇంగ్లీషులో ఆరు పేజీలు.
ఎదురింటి హరిచందన చదివి చెప్పింది:
మీ ఇంటర్నెట్ లోంచి ఎవరో సినిమా పంచిపెట్టినారంట,
రెండు రాత్రులంట, గంటలు నిమిషాలతో సహా ఉందంట,
పదిహేను రోజుల్లో మూడు లక్షలంట,
కట్టకపోతే కోర్టంట.
ఆ పిల్ల తగిలించిన 'అంట' ఒక్కటే
ఆ కాగితంలో నాకు దొరికిన ఊరట.

పంచిపెట్టడం.
మా మదనపల్లెలో అది మంచిమాట.
ఇక్కడ నలభై రెండు మందికి
ఒకే ట్యాంకరు నీళ్ళు, ఒకే కుక్కరు పప్పు, ఒకే వైఫై.
పాస్‌వర్డు ఫ్రిజ్ తలుపు మీద రాసింది నేనే,
మా ఆయన అమ్మేసిన స్కూటరు నంబరు.

రాత్రి నోటీసును సాంబారు గిన్నె పక్కన పెట్టినా.
ఎవరూ ఏందని అడగలేదు. ఎవరని నేనూ అడగలేదు.
రెండోసారి ఎవరూ వడ్డించుకోలేదు.
అనుమానం ఎంత బరువో
మిగిలిన అన్నం గిన్నె ఎత్తితే తెలిసింది.

మేయో హాల్ ఎదురు సందులో
జెరాక్స్ మిషన్ వెనకాల హెబ్బార్ వకీలు
సగం కన్నడం, సగం తెలుగు.
"భయంతో డబ్బు పంపొద్దమ్మా, కోపంతో జవాబు రాయొద్దు.
తెలియనిది తెలుసని రాయొద్దు.
తెలిసినది..."
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"అడిగిన దానికే రాద్దాం."

మొదటి తేదీ, జూలై పద్నాలుగు, తెల్లవారుజాము రెండూ పదిహేడు.
సంచిలోంచి పాల లెక్కల పుస్తకం తీసినా.
కరెంటు పోయిన గంటలూ దాంట్లోనే రాస్తా,
మోటరు వేసుకోవాలి గదా.
'పద్నాలుగు. రాత్రి పన్నెండుకు పోయిన కరెంటు
నాలుగున్నరకు వచ్చింది. ఇన్వర్టరూ చచ్చింది.
పాలు రెండు లీటర్లు విరిగినాయి.'
హెబ్బార్ రెండుసార్లు చదివి
అప్పుడు నాకు కుర్చీ చూపించినాడు.

రెండో తేదీ, ఆగస్టు మూడు.
ఆ రాత్రి కరెంటు నిక్షేపంగా ఉంది.
ట్యాంకు నిండిందో లేదో చూడబోతే
మెట్ల కింద గదిలో ఓబులేసు,
ఉద్యోగం పోయి పదకొండో రోజు, రెండు నెలల అద్దె బాకీ,
మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్, మొహమంతా నీలం వెలుగు,
నవ్వుతా ఉన్నాడు.
ఏం చూస్తున్నాడో నేను చూడలేదు.
వాడు నవ్వగా చూడటం అదే మొదలు.
నవ్వులు రాసుకునే గడి లేదు నా పుస్తకంలో.

టైపు కొట్టే ఫిలోమినా వేళ్ళు గాల్లో ఆగి ఉన్నాయి.
రాయమ్మా, అన్నా.
తీగ నా పేరున ఉంది. తీగలో ఏం పారిందో నేను చూడలేదు.
మీరు చెప్పిన మొదటి రాత్రి మా వీధంతా చీకటి,
పుస్తకం నకలు జతచేసినా.
చీకట్లో కూడా సినిమా ఆడించిన మీ లెక్క
రెండో రాత్రి మాత్రం ఎట్లా నమ్మేది?
రుజువు పంపండి. రూపాయి పంపను.
పాస్‌వర్డు మార్చినాను.

ఆ చివరి వాక్యం కొట్టేయమన్నాడు హెబ్బార్,
తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని.
కొట్టేసినాం.
మార్చింది మాత్రం మార్చినట్టే.

స్పీడు పోస్టు రసీదు పాల పుస్తకంలో అంటించి
రెండు నెలలైంది. ముంబై నుంచి ఉలుకూ పలుకూ లేదు.
గెలిచినానో, గడువు దొరికిందో!

నిన్న ఆదివారం, ఎవరూ చెప్పకుండానే
ఓబులేసు స్టూలెక్కి
ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు.
చొక్కా మీద యాసిడ్ పడుతుంది, జాగ్రత్తరా, అన్నా.
ఇంక వీధంతా చీకటైనా మా ఇల్లు వెలుగుతుంది,
నా తరఫున సాక్ష్యం చెప్పే చీకటి
ఇక ఉండదు.
రేపటికి పద్దెనిమిది లీటర్లు అని రాసుకున్నా.